రెండవ పట్టమునకు దారి చూపినవారు



వికారాబాదు, తాండూరు ప్రాంతముల పల్లెలలో ఒక పట్టము పుచ్చుకొని ఇల్లు చేరిన పిల్లవాడు, ఏడాది తిరుగకమునుపే, "తాతా, ఇంకొక డిగ్రీ చదివెదను" అని పెద్దల నడుగుట నేడు సాధారణమైనది. ఏమి చదువవలెను, ఎచట చదువవలెను, ఎన్నేండ్లు పట్టును అని యోచింపవలసిన భారము మీపై బడుచున్నది. ఆ చదువునకు వ్యయమగునది కందులమ్మిన పైకమో, నాపరాతి గనిలో చెమటోడ్చిన కూలియో! దారి తప్పినచో సొమ్ముతోపాటు వయస్సును పోవును. కావున ఈ రెండవ పట్టము మన దేశమున ఎట్లు వచ్చినది, పూర్వులకు దారి చూపినవారెవరు అను విషయమును నేడు మీకు విన్నవించెదను.

మన పాఠశాలలలో కావ్యములు ముగిసిన పిమ్మట వ్యాకరణమో, తర్కమో చదువుట ఆచారము. ఆ రెండవ శాస్త్రమును శిష్యుని బుద్ధి నెఱిగిన గురువే నిర్ణయించెడివాడు. ఐరోపా ఖండమునందును ఇట్టి క్రమమే యుండెను. మధ్యయుగములలో పారిసు నగరపు విశ్వవిద్యాలయమున మొదట సామాన్యవిద్యలు నేర్చి, ఆ మీదట వేదాంతమునకో, వైద్యమునకో, ధర్మశాస్త్రమునకో పోయెడివారు. ఇటలీలోని బొలోన్యాలో మతధర్మశాస్త్రమును, రాజ్యధర్మశాస్త్రమును రెంటిని చదివినవారిని ఉభయధర్మపండితులని గౌరవించిరి. కాబట్టి రెండవ పట్టము క్రొత్త వేడుక గాదు.

భారతదేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు వెలసినవి. నాటినుండి బి.ఏ. ముగించి, న్యాయశాస్త్ర పట్టమునకు పోవుట విద్యావంతుల రాజమార్గ మయ్యెను. మన సీమలో 1874లో వాడి నుండి తాండూరు, వికారాబాదుల మీదుగా హైదరాబాదునకు రైలు నడచినది. 1887లో ఏర్పడిన నిజాము కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. 1917 నాటి ఫర్మానా వలన ఉస్మానియా విశ్వవిద్యాలయము పుట్టి, 1919లో తరగతులు మొదలుపెట్టెను. అచట బోధనభాష ఉర్దూ. తాండూరు పిల్లవానికి ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, కచేరిలో ఉర్దూ! 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు తాండూరు, కొడంగలు తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనే యుండెను గదా. అందుచేత మన ప్రాంతమువానికి ఏ పట్టమన్న ప్రశ్నతోపాటు ఏ భాషలో నన్న ప్రశ్నయు నుండెను. ఇంగ్లీషున న్యాయశాస్త్రము చదువగోరినవారు బొంబాయికో మద్రాసుకో పోవలసివచ్చెను.

1899లో జన్మించిన బూర్గుల రామకృష్ణారావుగారు పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో చదివి, పిదప బొంబాయి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టమును పొంది, హైదరాబాదునకు మరలివచ్చి వకాలతు సాగించిరి. 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులైరి. సురవరము ప్రతాపరెడ్డిగారును బి.ఏ., బి.ఎల్. పట్టములు రెంటిని పొందినవారే. కాని వారు వకాలతునే నమ్ముకొనక 1926లో గోలకొండ పత్రికను స్థాపించి జాతికి సేవ చేసిరి. రెండవ పట్టము ఒకరికి వృత్తి యయ్యెను, వేఱొకరికి బలమయ్యెను. రెండును సార్థకములే.

అయితే పల్లెనుండి వచ్చిన పిల్లలకు ఈ దారులు చెప్పినవారెవరు? 1918లో రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారి పూనికచే హైదరాబాదున రెడ్డి హాస్టలు వెలసెను. ప్రతాపరెడ్డిగారు కొంతకాలము దాని నిర్వహణభారమును వహించిరి. ఇట్టి వసతిగృహములలో అన్నముతోపాటు ఆలోచనయు దొరకెడిది. ముందు చదివినవాడు వెనుక వచ్చినవానికి ఏ పరీక్షకు కట్టవలెనో, ఏ కళాశాలకు దరఖాస్తు పెట్టవలెనో చెప్పెడివాడు. అమెరికాలో 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుడగు ఇలియట్ విద్యార్థులకు తమ పాఠ్యవిషయములను తామే ఎన్నుకొను స్వేచ్ఛ నొసగెను. స్వేచ్ఛ పెరిగినకొలది తికమకయు పెరిగినందున, అచట విద్యార్థులకు సలహా చెప్పుటకై అధ్యాపకులనే నియమింపవలసివచ్చెను. దారులు పెక్కైనచోట దారిచెప్పువాడు అవశ్యకుడు.

1938లో వందేమాతర గీతమును పాడినందులకు ఉస్మానియా విద్యార్థులు పెక్కుమంది బహిష్కృతులైరి. వారిని నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. నాటి ఉపాధ్యక్షులు కేదార్ గారి ఔదార్యము మఱపురానిది. ఆ యుద్యమములో పాల్గొన్న పి.వి. నరసింహారావుగారు అనంతరము నాగపూరునందే న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. ఒక తలుపు మూసినపుడు వేఱొక తలుపు ఎచట నున్నదో చెప్పిన మాట ఎందఱి జీవితములనో నిలిపినది.

ఇక మన కాలమునకు వచ్చెదము. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడెను. భారతదేశమున ఇట్టివానిలో ఇదియే మొదటిది. 1991లో దీనికి డాక్టరు అంబేద్కరుగారి పేరు పెట్టిరి. బడి మెట్టు నెక్కనివారు సైతము ప్రవేశపరీక్ష వ్రాసి పట్టము పొందునట్లు ఇది వీలు కల్పించెను. కూలి చేసికొనువారికి, సంసారభారము మోయు స్త్రీలకు ఇది గొప్ప వరమయ్యెను. అయితే ఇచటనే ఒక మెలిక కలదు. బారు కౌన్సిలువారు 2008లో చేసిన నియమముల ప్రకారము, తగిన పూర్వవిద్య లేక నేరుగా సార్వత్రిక విధానమున పట్టము పొందినవారికి న్యాయశాస్త్రమున ప్రవేశము లేదు. ఏకకాలమున రెండు రెగ్యులరు కోర్సులలో చేరుటయు ఆ నియమములలో నిషిద్ధమే. 2022లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు ఒకే కాలమున రెండు డిగ్రీలు చదువుట కనుమతించిరి. వేళలు ఢీకొననిచో రెంటిని కళాశాలలోనే చదువవచ్చును. ఒకటి కళాశాలలోను, రెండవది దూరవిద్య ద్వారాను చదువవచ్చును. రెండును దూరవిద్యయే యైనను కావచ్చును. పిహెచ్.డి.కి ఈ వెసులుబాటు లేదు. ఒక సంఘము తెఱచిన తలుపును వేఱొక సంఘము మూసియుండవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఉపాధ్యాయ శిక్షణయగు బి.ఇడి. సయితము 2015 నుండి ఒక ఏటి చదువు గాక రెండేండ్ల చదువైనది. "ఏడాదిలో ముగియును" అను పాత మాటను నమ్మి లెక్క వేసికొనరాదు.

బడిపంతులుగా నా శిష్యులు అడిగినపుడెల్ల నేను మూడు ప్రశ్నలు వేయుచుంటిని. నీ చేతనున్న పట్టము ఆ రెండవ తలుపును తెఱచునా? అది ముగియునాటికి నీ వయస్సెంత, ఇంటి అప్పెంత? ముగిసిన పిమ్మట ఏ పని చేయుదువు? మొదటి ప్రశ్నకు సమాధానము పొరుగువాని నోటినుండి గాక, చేరబోవు విశ్వవిద్యాలయమునుండి వ్రాతమూలముగా, రుసుము కట్టకమునుపే తెచ్చుకొనవలెనని చెప్పుచుంటిని.

పెద్దలారా, వికారాబాదు స్టేషనులో రైలెక్కు ప్రతి పిల్లవానికిని పట్నమున ప్రతాపరెడ్డిగారివంటి పెద్దదిక్కు దొరకదు. కావున ఆ మూడు ప్రశ్నలను మీరే అడుగుడు. మనుమడు అడిగినను, మనుమరాలు అడిగినను తూనికరాళ్లు మాత్రము ఒకటిగనే యుండవలెను. ఆమె చదువును పెండ్లి ఖర్చు లెక్కలో కలిపి త్రోసిపుచ్చరాదు. సమాధానములు సరియైనచో సంశయింపక దీవించి పంపుడు. సరిగా లేనిచో కోపింపక, ఇంకొక దారిని వారితో కూడి వెదకుడు.