ఇంజను వంటకి ఉప్పెవరు చూస్తారు?

1888 ఆగస్టులో జర్మనీలో ఒకావిడ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి బయల్దేరింది. ఇందులో వింతేముంది, మనమూ ఎన్నిసార్లు బయల్దేరలేదు అంటారేమో! ఆవిడ బయల్దేరింది రైల్లో కాదు, భర్త తయారుచేసిన మోటారు బండిలో. అలాంటి బండిలో అంతదూరం అంతకుముందు ఎవరూ పోలేదు. ఆవిడ పేరు బెర్తా బెంజ్. మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు బంకులింకా పుట్టలేదు కనక, దారిలో వీస్లోక్ అనే వూళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవం కొని బండిలో పోయించింది. ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే తన టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి పొడిచి బాగుచేసింది.

కార్బురేటరు కథకి నాకు ఇంతకంటే మంచి మొదలు దొరకలేదు. "అదంతా మగవాళ్ల గొడవ" అని పేజీ తిప్పబోయే అక్కయ్యల కోసమే ఈ పిన్ను సంగతి ముందు చెప్పాను.

కార్బురేటరంటే మరేంకాదు, గాలినీ పెట్రోలునీ పాళ్లు చూసి కలిపే పాత్ర. గ్యాసు పొయ్యి మంట నీలంగా వుండాల్సింది పసుపుపచ్చగా మారి గిన్నె అడుగు మసిబారితే, గాలి చాలడంలేదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఇంజనుదీ అదే కథ. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్క లీటరు పెట్రోలు సుమారు తొమ్మిదివేల లీటర్ల గాలి మింగుతుంది. గాలి తగ్గితే నల్లపొగ, విషవాయువు. గాలి ఎక్కువైతే ఇంజను వేడెక్కి దగ్గుతుంది.

ఈ కలపడం ఎలాగన్నది తొలిరోజుల్లో పెద్ద సమస్యే అయింది. 1893లో హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు పెట్రోలుని తుంపరగా చల్లే కార్బురేటరుకి పేటెంటు తీసుకున్నారు. పూలమ్మే పిల్ల నోటితో నీళ్లు తుంపరగా పూలమీద చల్లడం చూసి వాళ్లకా ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదోగాని నమ్మబుద్ధేస్తుంది. మన ఇస్త్రీ చేసేవాళ్లు బట్టలమీద నీళ్లు చల్లేదీ అలాగేగా! ఆ రోజుల్లోనే జర్మనీలో మేబాక్ కూడా అదే దారి పట్టాడు. ఆ తర్వాత ఎనభై తొంభై ఏళ్లపాటు లోకంలో పెట్రోలు బళ్లు చాలామటుకు ఆ తుంపర మీదే నడిచాయి.

నేనుండే బీరంగూడకి ఈ కథతో కాస్త చుట్టరికం వుంది. మా పక్కన పటాన్‌చెరులో ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అనే కంపెనీ వుండేది. హైదరాబాద్ ఆల్విన్ వారి పుష్పక్ స్కూటరు ఈ తరం పిల్లలకి తెలీదుగాని, దాని అసలు పుట్టిల్లు ఇటలీ లాంబ్రెట్టా, లక్నో స్కూటర్స్ ఇండియా మీదుగా మనింటికొచ్చింది. 1980ల్లో ఇటలీ పియాజియోతో చేయి కలిపి ఇక్కడివాళ్లు వెస్పా పి.ఎల్. 170 కూడా తీశారు. ఆ కంపెనీ లేదిప్పుడు, ఆ స్కూటర్లూ లేవు.

స్కూటరు తరంవాళ్లకి ఒక దృశ్యం బాగా గుర్తుంటుంది. పొద్దున ఆఫీసు టైముకి నాన్నగారు స్కూటరుని ఓ పక్కకి వంచి ఒక్క నిమిషం అలాగే పట్టుకునేవారు. ఆనక కిక్కు మీద కిక్కు. (మాది ఏ కంపెనీదో ఇప్పుడెందుకు లెండి.) అమ్మ టిఫిను డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఆ వంచడమెందుకో నాకు చాలాకాలం తెలీలేదు. కార్బురేటరు గిన్నెలోకి కాస్త ఎక్కువ పెట్రోలు చేరి మొదటి మంటకి సాయం చెయ్యాలట. అప్పటికీ కదలకపోతే వుస్తాద్ దగ్గరికి తోసుకెళ్లేవాళ్లం. ఆయన స్క్రూడ్రైవరుతో ఒక చిన్న మర లోపలికి పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, తలొంచి వినేవాడు. కొలతలూ మీటర్లూ ఏమీ లేవు, చెవే. మా అమ్మ పులుసు మూతతీసి వాసనతో ఉప్పు చెప్పేది, అలాగన్నమాట.

ఆ చెవి చాలకపోవడం ముందు అమెరికాలో బయటపడింది. లాస్ ఏంజిలిస్ ఆకాశం పొగమంచుతో కమ్ముకుపోయి జనం కళ్లు మండిపోతుంటే, 1970లో కార్ల పొగలోని విషవాయువుల్ని తొంభైశాతం తగ్గించాలని చట్టం చేశారు. 1975 నుంచి పొగగొట్టంలో కెటలిటిక్ కన్వర్టరు వచ్చింది. దానికి మెరుగైన రకం మూడు విషాల్నీ ఒకేసారి విరిచేస్తుంది. కాని దానికొక పట్టుదల వుంది. పాళ్లు సరిగ్గా 14.7 దగ్గరే వుండాలి. అటూ ఇటూ జరిగితే పని చెయ్యదు. చెవితో వినే వుస్తాద్ ఎంతటివాడైనా, నడిరోడ్డు మీద సెకను సెకనుకీ మర తిప్పగలడా?

అప్పుడొచ్చింది నాలుక. ఆక్సిజన్ సెన్సరంటారు. పింగాణీలాంటి జిర్కోనియాతో చేస్తారు. పొగగొట్టంలో కూచుని, బాగా వేడెక్కాక, పోయే పొగని రుచి చూసి, పెట్రోలు ఎక్కువైతే ఒక వోల్టుకి దగ్గరగా, తక్కువైతే సున్నాకి దగ్గరగా కబురు పంపుతుంది. బాష్ కంపెనీ దీన్ని 1976లో వోల్వో కార్లలో పెట్టింది. అయితే వాటిలో కార్బురేటరు లేదు, ఇంజెక్షను. అమెరికాలో జనరల్ మోటార్స్ దగ్గర మాత్రం లక్షల కార్బురేటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి. వాటిని పారెయ్యలేక, పాత పాత్రకే కొత్త బుద్ధి చెప్పాలనుకున్నారు. 1981లో దాదాపు తమ పెట్రోలు కార్లన్నిటికీ 'కంప్యూటర్ కమాండ్ కంట్రోల్' అనే పద్ధతి పెట్టారు. క్వాడ్రాజెట్ అనే కార్బురేటరులో సన్నటి సూదుల్లాంటి కడ్డీలుంటాయి. వాటిని ఒక విద్యుత్ అయస్కాంతం సెకనుకి పదిసార్లు కిందికీ పైకీ ఆడిస్తుంది. కిందికి దిగితే పెట్రోలు తగ్గుతుంది, పైకి లేస్తే పెరుగుతుంది. ఎంతసేపు కింద, ఎంతసేపు పైన అన్నది సెన్సరు కబురు విని కంప్యూటరు నిర్ణయిస్తుంది. అప్పట్లో కారులో కంప్యూటరంటే చోద్యమే!

మెకానిక్కుల మీద దయతలిచి ఒక తెలివైన పని కూడా చేశారు. వాళ్ల దగ్గర అప్పటికే వున్న డ్వెల్ మీటరుతోనే కంప్యూటరు మనసు చదవొచ్చు. ఆరు సిలిండర్ల స్కేలు మీద సున్నా నుంచి 60 దాకా సూది తిరుగుతుంది. 30 దగ్గర అటూ ఇటూ వూగుతూంటే అంతా క్షేమం. 54 దాకా ఎక్కిందంటే కంప్యూటరు "తగ్గించు, తగ్గించు" అని మొత్తుకుంటోందని. 6కి దిగిందంటే "ఇంకా పోయ్, ఇంకా పోయ్" అని.

మరి ఇంజను పెద్దదయితే? అమెరికావాళ్లకి చిన్న ఇంజను తీసేసి పెద్దది పెట్టుకోవడమొక సరదా. 305 ఘనపుటంగుళాల ఇంజను, అంటే సుమారు 5 లీటర్లది, దాని చోట 350ది, సుమారు 5.7 లీటర్లది. మన 150 సీసీ స్కూటరు ఇంజనుకి అది ముప్పైఎనిమిది రెట్లు. పైకి చూస్తే రెండూ కవలలే. అవే బోల్టులు, అవే చోట్లు. కార్బురేటరూ అదే సరిపోతుంది. "కంప్యూటరుంది, అదే సర్దుకుంటుంది" అనుకునేవారు చాలామంది.

అదెలా సర్దుకుంటుంది! పదిమందికి పప్పుచారు కొలతలు రాసిపెట్టుకున్న కాగితాన్ని పదిహేనుతో గుణించి పెళ్లివారికి వండితే ఏమవుతుందో, ఒకసారి వండినవాళ్లనడగండి. కంప్యూటరులో ప్రోమ్ అనే చిన్న చిప్పు వుంటుంది. ఆ కాగితం అదే. ఏ ఇంజను, ఎంత బరువు కారు, ఏ గేరు పెట్టె అన్నవి చూసి ఫ్యాక్టరీలో రాసిన లెక్క. ఏ వేగంలో నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్నదీ అందులోనే. పెద్ద ఇంజనుకి చిన్నదాని లెక్క పెడితే రవ్వ వేళతప్పి పడుతుంది, ఇంజను టకటకా కొట్టుకుంటుంది. 350 ఇంజనుకి ఇదే పద్ధతిని 1981 కార్వెట్టులో కంపెనీయే పెట్టింది గనక, తెలిసినవాళ్లు అలాంటి కారు లెక్కలున్న చిప్పు వెతికి తెచ్చుకునేవారు.

చిప్పు మారిస్తే సరిపోదు. కంప్యూటరుకి మనం ఇచ్చిన అధికారం ఒక చిటికెడు ఉప్పు వెయ్యడానికే, గరిటెడు వెయ్యడానికి కాదు. కడ్డీలు కదలడానికి పైనొక హద్దు, కిందొక హద్దు. మొదటి పాళ్లు మనిషి చేత్తో ఆ హద్దుల మధ్యలో పడేలా చెయ్యాలి. మర తిప్పడం, మీటరు చూడడం, మళ్లీ తిప్పడం, సూది 30 దగ్గర వూగేదాకా ఇదే పని. అప్పుడుగాని కంప్యూటరుకి అటో చిటికెడు ఇటో చిటికెడు వేసే వీలుండదు. ఇంకో తిరకాసు వుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటరు నాలుక మాట వినదు. అప్పుడు రాసిపెట్టిన లెక్కా, వెనకవైపు కడ్డీల లావూ, అంతే. అక్కడ పెట్రోలు తక్కువైతే పిస్టను కరుగుతుంది. ఎక్కువైతే కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కన్వర్టరులో మండి దాన్ని మాడ్చేస్తుంది. మామూలు నడకలో కంప్యూటరు కాపలా, కష్టకాలంలో మళ్లీ మనిషి చెయ్యి. నన్నడిగితే అది వంటమనిషి కాదు, పక్కన నిలబడి రుచి చూసే ఆడపడుచు.

ఈ గొడవంతా పడలేక అక్కడ చాలామంది తీగలు పీకేసి, పాతకాలపు కార్బురేటరు బిగించేసుకున్నారు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఎండకి ఎండిన రబ్బరు గొట్టాలు, తుప్పుపట్టిన తీగలు, చూడ్డానికి వడియాలెండేసిన దారాల్లా వుండేవి. కాని ఆ బండి నడిచినన్నాళ్లూ దాని వెనకున్నవాళ్లు పీల్చిన గాలి సంగతేమిటి? కంపెనీ కూడా 1990 తర్వాత క్వాడ్రాజెట్టుని వదిలేసి ఇంజెక్షనుకే కట్టుబడింది.

మా వైపు గాలి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకి కేసు వెళ్లింది. ఫ్యాక్టరీ పొగకి బండి పొగ తోడు. మన దేశంలో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకి 1995 ఏప్రిల్ నుంచి కన్వర్టరు తప్పనిసరైంది. వాటిలో హైదరాబాదు లేదు. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా 2000 ఫిబ్రవరిలో పోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ సిక్స్ వచ్చేసరికి మోటారు సైకిళ్లు కూడా చాలామటుకు ఇంజెక్షనుకి మారిపోయాయి. కార్బురేటరు పనైపోయిందనుకున్నాం.

అలా అనుకుంటూండగానే బజాజ్ వాళ్లు చవక బళ్లలో కార్బురేటరుకి ఎలక్ట్రానిక్ అదుపు తగిలించి ఈ-కార్బ్ అని పేరుపెట్టారు. 2021లో వచ్చిన సీటీ 110 ఎక్స్ ఇంజను 115 సీసీ. 2022 ఆగస్టులో అదే వరసలో 125 ఎక్స్ వచ్చింది, ఇంజను 124 సీసీ పైచిలుకు. నలభైఏళ్ల కిందట అమెరికాలో ఇనప దిమ్మల్లాంటి ఇంజన్లతో పడిన పాటు, ఇక్కడ పాల క్యాన్లు మోసే బండికొచ్చింది! ఫ్యాక్టరీ పొద్దుటి షిఫ్టుకెళ్లేవాళ్లు మా సందుల్లోంచి ఇలాంటి బళ్ల మీదే పోతుంటారు.

బీరంగూడ గుట్ట దారిలో ఒక వుస్తాద్ వున్నాడు, అరవై దాటాయి. ఇంజను సైజు పెరిగితే మర ఎన్ని చుట్లు తిప్పాలని అడిగాను.

"ఇప్పుడు చుట్లు లేవమ్మా. లెక్కంతా ఆడ ఫ్యాక్టరీల్నే ఏసి పంపుతున్నరు. మనం ప్లగ్గు చూడాలె, ఫిల్టరు చూడాలె, డబ్బా తగిలిచ్చి అది ఏం చెప్తదో సదవాలె. మావోడు సదువుతడు" అని పక్కనున్న మనవణ్ణి చూపించాడు.

"మరి నువ్వేం చేస్తావు?" అన్నాను.

"నేనా? వాడు సదివినంక ఇంజను సప్పుడు ఇంట. డబ్బా చెప్పింది నిజమా కాదా, అది నాకు సప్పుడుల తెలుస్తది" అన్నాడు, ఒక పాత స్కూటరు కార్బురేటరుని కిరసనాయిల్లో ముంచి, సూదితో దాని చిల్లు శుభ్రం చేస్తూ.