బూడిదలో బలం, సౌడులో చేటు



ఆముదం మన నల్లగొండ, పాలమూరు చెల్కలకు కొత్త పంట కాదు. గింజ అమ్ముకుంటాం, కాయల పొట్టు దిబ్బలో వేస్తాం. ఆ పొట్టు కాల్చిన బూడిదకు గూడా ఒక చరిత్ర వుందంటే నమ్ముతారా?

పుట్టపాక నేతగాళ్లను అడిగి చూడండి. యీ ఊరు 2016 దాకా నల్లగొండ జిల్లాలోదే, యిప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. తేలియా రుమాలు నేసేందుకు అక్కడివారు ఆముదపు పొట్టు బూడిదను నీళ్లలో కలిపి, అందులో నూనె పోసి, నూలును రోజుల తరబడి నానవేసి, పిసికి, ఆరవేస్తారు. నూనె, నీరు కలవవు గదా! బూడిదలోని క్షారం ఆ రెండింటినీ పాలవలె కలుపుతుంది. అప్పుడు ఎర్రరంగు నూలును గట్టిగా పట్టుకుంటుంది. మొదట చీరాలలో పేరుపడిన యీ విద్య అరబ్బు దేశాలదాకా పోయింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది.

యిక సౌడు సంగతి. ఊరి పొలిమేరలో తెల్లగా పొంగిన సౌడుమట్టిని చాకలివారు ఊడ్చి తెచ్చి, మురికి బట్టలకు పట్టించి, బానపెట్టి ఉడికించేవారు. సబ్బుబిళ్ల పల్లెకు రాకముందు అదే సబ్బు.

బూడిదా క్షారమే, సౌడూ క్షారమే. ఆల్కలీ అన్న మాట గూడా బూడిదకు అరబ్బులు పెట్టిన పేరునుంచే వచ్చింది. యీ క్షారాలు ఒకటి కాదు, రెండు రకాలని 1736లో ఫ్రాన్సులో దుహమెల్ చూపించాడు. 1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ, కరిగించిన క్షారంలోకి విద్యుత్తు పంపి ఒకదానినుంచి పొటాషియం, రెండవదానినుంచి సోడియం విడదీశాడు. రెండూ కత్తికి తెగేటంత మెత్తని లోహాలు.

యీ లోహాలతో మనకేమి పని అంటారా? వుంది. పొటాషియం పైరుకు ఆహారం. సోడియం ఎక్కువైతే మట్టికి చేటు. అది బంకమట్టి రేణువులను విడగొట్టి సందులు మూసివేస్తుంది. నీరు పోస్తే నిలుస్తుంది, ఆరితే రాయి అవుతుంది. అదే కారుచౌడు.

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చదనం తెచ్చింది. కాని మురుగు పోని చోట నీరు నిలిస్తే, అడుగు లవణాలు పైకి వచ్చి, నీరు ఆవిరైనాక మిగిలిపోతవి. నీరు తెచ్చుకోవడం ఒక పని అయితే, నీటికి దారి చూపడం రెండవ పని.

కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి. ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం ఎక్కువని తేలితే జిప్సం కావాలి. మురుగు కాలువ తీసి, మడి కట్టి, పరీక్షలో చెప్పిన మోతాదు జిప్సం చల్లి, కలియదున్ని, మంచినీరు పెట్టండి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తరిమి తాను కూర్చుంటుంది. ఆ సోడియం నీటితో బయటికి పోవాలి. తరువాత జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నండి. వట్టి ఉప్పుచౌడు అయితే జిప్సం ఖర్చు పెట్టుకోనక్కర లేదు, మంచినీటితో కడిగితే చాలు.

ఒక్క మాట మరవకండి. బూడిద మంచిదే గదా అని కారుచౌడులో పోయకండి. క్షారానికి క్షారం విరుగుడు కాదు.