అడవే మన దస్తావేజు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే బీడీలు, మగ్గాలు గుర్తొస్తాయి. ఆ బీడీ చుట్టే తునికాకు మాత్రం అడవిది. ఎండాకాలం మన ఆడవాళ్లు తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపుతారు. ఇంటికొచ్చి కట్టలు కట్టి, కల్లంలో ఆరబెడతారు. ఇప్పపువ్వు, తేనె, బంక, మోదుగాకు విస్తళ్లు కూడా మన పూట గడిపినవే.

అడవి మనకు బతుకుదెరువే కాదు, కొలుపు కూడా. నాయకపోడుల లక్ష్మీదేవర ముఖరూపాలు చెక్కతో చేసినవే. మన దేవతలెందరో చెట్ల కిందే కొలువున్నారు.

నిజాం కాలంలో సర్కారు అడవికి హద్దులు గీసింది. పశువుల మేతకు పన్ను, పోడుకు జరిమానా వేసింది. దాన్ని ఎదిరించిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. తర్వాత ఆదిలాబాద్‌లో గిరిజన పల్లెలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతాలయ్యాయి. మన పల్లెలు కాలేదు. అందుకే 1996 నాటి పెసా చట్టం మనకు వర్తించదు.

మనకు మిగిలిన పెద్ద అండ 2006 అటవీ హక్కుల చట్టం. ఇది షెడ్యూల్డ్ ప్రాంతాల బయటా చెల్లుతుంది. వ్యక్తిగత సాగు హక్కుతోపాటు అటవీ ఫలసాయంపై, మేత భూములపై ఊరుమ్మడి హక్కును కూడా గుర్తిస్తుంది. దరఖాస్తు గ్రామసభ ముందుకే వెళ్లాలి. పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే అదీ సాక్ష్యమే. దేవతల చెట్లు, పాత శ్మశానాలు, దుంపలు తవ్వుకునే చోట్లు కూడా సాక్ష్యాలే.

అంటే మన సంస్కృతి పండుగనాటి ముచ్చట మాత్రమే కాదు, మన హక్కు పత్రం. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! తాతలు, అవ్వలు ఉండగానే ఆ చెట్ల పేర్లు, ఆ బాటలు, ఆ కుంటలు అడిగి రాసుకుందాం.