మగవారి రొమ్ములో గడ్డ: సూది పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

స్నానం చేసేటప్పుడో, చొక్కా వేసుకునేటప్పుడో చనుమొన దగ్గర చేతికి చిన్న గడ్డ తగులుతుంది. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. 'ఇది ఆడవాళ్ల జబ్బు కదా' అన్న భ్రమ. అలా నెలలు గడిచిపోతాయి. మగవారికీ కొద్దిపాటి రొమ్ము కణజాలం ఉంటుంది. అందులో గడ్డలూ రావచ్చు, అరుదుగా క్యాన్సరూ రావచ్చు. అదేమిటో తేల్చడంలో తరచుగా వాడే తేలికైన పరీక్ష ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సన్నని సూదితో కణాలు తీసి చూసే పరీక్ష.

ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు

మగవారి రొమ్ములో గడ్డకు అతి సాధారణ కారణం గైనెకోమాస్టియా. ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ హార్మోన్ల సమతూకం తప్పి రొమ్ము కణజాలం పెరగడమే ఇది. యుక్తవయసు పిల్లల్లో వస్తే చాలావరకు ఒకటి రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. పెద్దవారిలో కాలేయ జబ్బు, అతిగా మద్యం, జిమ్‌లో వాడే స్టెరాయిడ్లు, స్పైరనోలాక్టోన్, ఫినాస్టిరైడ్ వంటి మందులు కారణం కావచ్చు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. కొవ్వు గడ్డలు, చీము గడ్డలు కూడా వస్తుంటాయి.

మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవారివి దాదాపు 1 శాతమే. ఎక్కువగా 60 ఏళ్లు దాటాక కనిపిస్తుంది. గైనెకోమాస్టియా సాధారణంగా చనుమొన కిందే, రబ్బరులా మెత్తగా ఉంటుంది, నొప్పి ఉండవచ్చు. గట్టిగా, నొప్పి లేకుండా, చనుమొనకు ఒక పక్కగా ఉన్న గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చర్మంపై పుండు, చంకలో బిళ్ల కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి.

పరీక్ష ఎలా చేస్తారు?

పడుకోబెట్టి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, రక్తం తీసే సూదంతటి సన్నని సూదిని గడ్డలోకి పంపుతారు. సూదిని కొద్దిగా ముందుకూ వెనక్కీ కదిపి కణాలు లాగుతారు. అవసరమైతే రెండు మూడుసార్లు గుచ్చుతారు. గడ్డ చిన్నదైతే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారు. కొద్ది నిమిషాల పని. సాధారణంగా మత్తు అవసరం ఉండదు, వెంటనే ఇంటికి వెళ్లవచ్చు. కాస్త నొప్పి, కమిలిన మచ్చ మామూలే. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి.

తీసిన కణాలను గాజు స్లైడ్లపై పూసి, రంగులు వేసి, పాథాలజిస్టు మైక్రోస్కోపులో చూస్తారు.

రిపోర్టులో మాటలకు అర్థం

2020లో ప్రచురితమైన యొకొహామా పద్ధతిలో ఫలితాలు ఐదు రకాలు. 'ఇన్‌సఫీషియెంట్' అంటే కణాలు చాలలేదని. క్యాన్సర్ లేదని కాదు. 'బినైన్' అంటే హానికరం కాదని. 'ఎటిపికల్' అంటే కణాల్లో కొంత తేడా ఉందని. 'సస్పీషియస్' అంటే క్యాన్సర్ అనుమానం బలంగా ఉందని. 'మాలిగ్నెంట్' అంటే క్యాన్సర్ కణాలు కనిపించాయని.

సూది పరీక్షకూ హద్దులున్నాయి

గైనెకోమాస్టియాలో నారలాంటి కణజాలం ఎక్కువైతే సూదికి కణాలు చాలినన్ని రావు. కొన్నిసార్లు హానిలేని కణాలే బాగా పెరిగి అనుమానం కలిగిస్తాయి. కాబట్టి డాక్టరు చేతి పరీక్ష, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, సూది పరీక్ష మూడూ ఒకే మాట చెప్పాలి. గడ్డ గట్టిగా ఉండి రిపోర్టు 'బినైన్' అని వస్తే అక్కడితో ఊరుకోకూడదు.

అప్పుడు లావు సూదితో చిన్న ముక్క తీసే కోర్ బయాప్సీ చేస్తారు. క్యాన్సర్ చుట్టుపక్కల కణజాలంలోకి చొచ్చుకుపోయిందా అన్నది ముక్కలోనే తెలుస్తుంది. చికిత్సకు అవసరమైన హార్మోన్ రిసెప్టర్లు, హెర్-2 పరీక్షలకూ ఈ ముక్కే ఆధారం. అనుమానం బలంగా ఉంటే చాలామంది డాక్టర్లు నేరుగా బయాప్సీకే వెళతారు.

బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి?

మొదట జనరల్ సర్జన్‌ను కలవండి. విక్టోరియా, సెయింట్ జాన్స్ వంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సర్జరీ, పాథాలజీ విభాగాలు రెండూ ఉన్నాయి. క్యాన్సర్ చికిత్సకు హోసూరు రోడ్డులో కిద్వాయి సంస్థ ఉంది. 1982 నుంచి నగర క్యాన్సర్ లెక్కలు నమోదు చేస్తున్నదీ అక్కడే. మనం గడ్డ అన్నా, కన్నడంలో గంటు అన్నా అక్కడివారికి అర్థమవుతుంది. చెప్పడానికి భాష అడ్డు కాదు, మన మొహమాటమే అడ్డు.

మరో మాట. మగవారి రొమ్ము క్యాన్సర్ కొన్ని కుటుంబాల్లో బీఆర్‌సీఏ-2 అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. అది కొడుకులకూ కూతుళ్లకూ సంక్రమించవచ్చు. తండ్రి తన గడ్డను దాచకుండా చూపించుకుంటే, రేపు కూతురు కూడా ముందే జాగ్రత్త పడగలుగుతుంది.