తెలుగు దయ్యం సినిమాల్లో పసిపిల్లలు

పసిబిడ్డనే ప్రతినాయకుడిగా నిలబెట్టి భయపెట్టే కథలు పాశ్చాత్య సినిమాలో 1950ల నడుమ నుంచి బలపడ్డాయి. తెలుగు సినిమా ఆ కథల నుంచి చాలానే అరువు తెచ్చుకుంది గాని, బిడ్డను దుర్మార్గుల లెక్కలో వేయడానికి మాత్రం మొరాయిస్తూ వచ్చింది. తెలుగు తెర మీద దయ్యం పట్టిన పిల్లలున్నారు, చేతబడికి చిక్కిన పిల్లలున్నారు. పుట్టుకతోనే చెడ్డవాళ్ళు దాదాపు కనబడరు.

పడమటి వరస

విలియం మార్చ్ 1954లో రాసిన ‘ది బ్యాడ్ సీడ్’ నవల ఈ వరసకు పెద్ద మలుపు. అందులో రోడా అనే చిన్నపిల్ల జడలు వేసుకుని, పెద్దల ముందు మర్యాద ఒలకబోస్తూ, దస్తూరీ పోటీలో పతకం గెలిచిన తోటి పిల్లవాణ్ణి ఆ పతకం కోసమే చంపేస్తుంది. 1956లో సినిమాగా తీసినప్పుడు చిక్కొచ్చి పడింది. నేరం చేసినవాళ్ళు శిక్ష తప్పించుకోకూడదన్నది అప్పటి హాలీవుడ్ నియమావళి. నవలలో బతికి బయటపడ్డ రోడా నెత్తిన సినిమాలో పిడుగు పడింది.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973)లో రీగన్ మంచి పిల్లే, దాన్ని పట్టింది చెడ్డది. ‘ది ఓమెన్’ (1976)లో డేమియన్‌ను ఏదీ పట్టలేదు, అతని పుట్టుకే సైతాను పుట్టుక. మనవాళ్ళు మొదటి దారినే పట్టుకున్నారు. ‘సీతారామ కల్యాణం’ (1961)లో ఛాయాగ్రహణంతో, ట్రిక్ షాట్లతో పేరు తెచ్చుకున్న రవికాంత్ నగాయిచ్ హిందీలో దర్శకుడై, 1977లో ‘జాదూ టోనా’ తీశాడు. అదీ చిన్నపిల్లకు దయ్యం పట్టే కథే.

పోతన ఊరి పసివాళ్ళు

ఈ మొరాయింపుకు కారణం వెతకాలంటే సినిమా హాలు దాటి పోతన భాగవతం దాకా వెళ్ళాలి. బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. పోతనది ఒంటిమిట్ట అన్న వాదం పక్కనబెడితే ఆయన ఊరు అదే. ఆయన తెలుగు చేసిన భాగవతంలో ఒళ్ళు జలదరించే పసివాళ్ళు ఒకరికి ఇద్దరున్నారు. పొత్తిళ్ళలోని కృష్ణుడు విషపు పాలతో పాటు పూతన ప్రాణాలనూ తాగేస్తాడు. ఇక ప్రహ్లాదుడు. హిరణ్యకశిపుడి వైపు నుంచి చూస్తే ఇది అచ్చంగా భయానక కథ: బడికి పంపిన కొడుకు శత్రువు పేరు జపిస్తూ తిరిగొస్తాడు. విషం పోసినా, పాముల చేత కరిపించినా, ఏనుగులతో తొక్కించినా, కొండ మీంచి తోయించినా, మంటల్లో వేయించినా వాడి ముఖం చెక్కుచెదరదు. కన్నకొడుకును చూసి తండ్రికి వణుకు పుడుతుంది.

‘ది ఓమెన్’లోనూ తండ్రి కొడుకును చంపబోతాడు. అక్కడ ప్రేక్షకుడు తండ్రి పక్షాన ఉంటాడు, ఇక్కడ కొడుకు పక్షాన. పైగా తొలి తెలుగు టాకీ ఈ కథే: హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ (1932). 1967లో ఏవీయం వారు మళ్ళీ తీసినప్పుడు ఎస్.వి. రంగారావు ఎదుట రోజారమణి ఆ పాత్ర వేసింది. భయం పుట్టించే బిడ్డ దేవుడి మనిషే అని ప్రేక్షకులకు మొదటి నుంచీ అలవాటైపోయింది.

ములుగు జిల్లా మేడారం గాథా ఇదే సంగతి చెబుతుంది. కోయల చెప్పుకోలులో, వేటకు వెళ్ళిన పెద్దలకు అడవిలో పులుల నడుమ ఆడుకుంటూ ఒక ఆడపిల్ల కనిపిస్తుంది. ఇంకో దేశంలో అయితే దయ్యం సినిమాకు మొదటి సన్నివేశం అయ్యేది. ఇక్కడ ఆ పిల్లను ఎత్తుకొచ్చి పెంచుకున్నారు, సమ్మక్క అని కొలుస్తున్నారు. కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ (1995)లో అమ్మవారు పనిపిల్ల రూపంలో ఇంట్లోకి రావడం, ఆ పాత్ర వేసిన బేబీ సునయన చూపుకు హాలంతా బిగుసుకుపోవడం ఈ కోవలోవే.

తులసి నుంచి మసూద దాకా

తెలుగులో పసిపిల్ల చుట్టూ భయాన్ని అల్లి జనాన్ని ఊపేసింది మాత్రం సినిమా కాదు, సీరియల్. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చింది. ఆస్తి కోసం పెద్దవాళ్ళు చిన్నారి తులసి మీద కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పిల్ల రోజురోజుకూ నలిగిపోతుంటే వారం వారం పాఠకులు లెక్క పెట్టుకున్నారు. మూఢనమ్మకాలకు ఎరువు వేస్తున్నదని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అనే పుస్తకమే రాశారు. ఆ విమర్శ తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో బిడ్డ అన్నం మానేసినా, నిద్రలో ఉలిక్కిపడినా ‘గాలి సోకింది’ అంటారు. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. అక్కడితో ఆగితే పర్వాలేదు. ‘ఎవరు చేసిండ్రు’ అన్న ప్రశ్న మొదలైతే ఊళ్ళో ఒక ముసలమ్మ మీదో, ఒంటరి మనిషి మీదో బాణామతి ముద్ర పడుతుంది. తెలంగాణలో అలాంటి అనుమానాలతో దాడులు, హత్యలు జరిగాయి.

నవల కన్నడంలో ‘తులసీదళ’ (1985) అయింది. దాని కొనసాగింపు ‘తులసి’ ఆధారంగా తెలుగులో ‘కాష్మోరా’ (1986) వచ్చింది. రాంగోపాల్ వర్మ ‘ఫూంక్’ (2008), జగపతిబాబుతో వచ్చిన దాని తెలుగు రూపం ‘రక్ష’ కూడా చేతబడికి చిక్కిన కూతురి కథలే. వీటన్నిటిలో పిల్ల నోట మగగొంతు పలుకుతుంది, కళ్ళు తిరగబడతాయి, కానీ తప్పు మాత్రం పెద్దవాళ్ళది.

మలయాళ ‘మై డియర్ కుట్టిచ్చాత్తన్’ (1984) తెలుగులో ‘చిన్నారి చేతన’గా వచ్చినప్పుడైతే భూతమే పిల్లవాడై పిల్లలతో స్నేహం చేసింది. త్రీడీ అద్దాల కోసం ఎగబడ్డ పిల్లల్ని అది భయపెట్టిందని చెప్పడం కష్టం.

2020ల సినిమాలు మాత్రం కొంచెం ముందుకు జరిగాయి. సాయికిరణ్ ‘మసూద’ (2022)లో ఒంటరి తల్లి నీలంకు తన కూతురు నజియా అంటేనే భయం వేస్తుంది. సంగీత ఆ తల్లిగా గట్టిగా ఏడవదు. కూతురి గది తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. తెలుగు దయ్యం సినిమాల్లో ఇంత నిజమైన భయం అరుదు. వదిలించడానికి వచ్చేది మంత్రగాడు కాదు, పీర్ బాబా. ఏ మతం వాళ్ళయినా బిడ్డను దర్గాకు తీసుకుపోయే తెలంగాణ ప్రేక్షకుడికి ఇందులో వింతేమీ లేదు. ‘విరూపాక్ష’ (2023) 1979 నాటి రుద్రవనం అనే కల్పిత గ్రామంలో మొదలవుతుంది. క్షుద్రపూజల అనుమానంతో ఊరివాళ్ళు ఒక జంటను సజీవంగా కాల్చేస్తారు. తర్వాతి కథంతా వాళ్ళ సంతానం పెద్దయ్యాక తీర్చుకునే పగ. దుర్మార్గానికి మొదలు బాల్యంలోనే ఉంది, కానీ ఆ విత్తనం నాటింది ఊరు.

ఈ పాత్రలు వేసే పిల్లల సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2017లో సవరించిన బాలకార్మిక నియమాల ప్రకారం బాలనటుల చేత రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి పని చేయించకూడదు. వాళ్ళ సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరిట బ్యాంకులో డిపాజిట్ చేయాలి.