ఇంకో సూది

ఉదయం ఆరుంపావు. ఫిమేల్ మెడికల్ వార్డులో సగం లైట్లే వెలుగుతున్నాయి. ఫినాయిలు వాసన, దాని మీద ఎవరి ఫ్లాస్కులోంచో టీ వాసన. మంచాల మధ్య చాపలేసుకుని పడుకున్న బంధువులు నా ట్రే చప్పుడుకే లేచి కూర్చుంటున్నారు. "నెత్తురు తీసే పిల్లొచ్చింది, లేవండే" అని ఎవరో ఎవరినో తడుతున్నారు. వార్డులో నా పేరు అదే. కాలేజీ రిజిస్టర్లో ఉన్న పేరుతో ఇక్కడ ఎవరికీ పనిలేదు.

బి.ఎస్సీ. ఎం.ఎల్.టి., రెండో సంవత్సరం. మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ అని విడమరిచి చెప్పినా మా పెద్దత్తయ్య "అంటే డాక్టరా, నర్సా?" అనే అడుగుతుంది. రెండూ కాదత్తయ్యా అంటే "పోనీలే, మళ్ళీ రాద్దువుగాని నీటు" అని ఓదారుస్తుంది. మా లాంటి చదువులన్నిటికీ కలిపి ఒక జాతీయ కమిషన్ ఉండాలని పార్లమెంటు చట్టం చేసిందే 2021లో. అత్తయ్యని అని ఏం లాభం?

ట్రేలో స్పిరిట్ దూది, రబ్బరు పట్టీ, సిరంజిలు, రంగురంగుల మూతల ట్యూబులు. ఆ మూతలే మా ఓనమాలు. నీలం మూత రక్తం గడ్డకట్టే తీరు చూడ్డానికి, ఎరుపు సీరం కోసం, పర్పుల్ కణాలు లెక్కపెట్టడానికి, గ్రే షుగర్‌కి. నింపడం కూడా ఆ వరుసలోనే. "ఎందుకా వరుస?" అని మొదటి సంవత్సరం వైవాలో అడిగారు. "ఒక ట్యూబులోని మందు ఇంకో ట్యూబులోకి పోకుండా సార్" అని టక్కున చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. బట్టీ పట్టింది కాబట్టి టక్కున వచ్చింది.

పదకొండో మంచం. డెబ్భై దాటిన మామ్మగారు, కాళ్ళకి వాపులు. వాపు తగ్గడానికి మాత్రలు ఇస్తున్నారు కాబట్టి పొటాషియం చూడాలి, దాంతోపాటు కాల్షియం. ఇంకో చీటీలో రక్తకణాల లెక్క.

"మీ పేరేంటండీ?"

చీటీలో పేరు కనిపిస్తూనే ఉంది. అయినా అడగాలి. "సుబ్బమ్మ గారేనా?" అని మనమే అనకూడదు. ఆసుపత్రిలో భయపడిన మనిషి ఏ పేరు చెప్పినా ఊఁ అంటుంది. ఆమె ఇంటి పేరుతో సహా చెప్పి, "ఇంకో సూదా? నిన్ననేగా తీశారు. ఉన్న నెత్తురంతా మీకే పోస్తున్నాను తల్లీ" అంది.

చేతికి పట్టీ కట్టాను. ఒక్క నిమిషం లోపల పని అయిపోవాలి. మోచేతి మడతలో చూపుడువేలుతో వెతుకుతున్నాను. నరం కంటికి కనపడేది కాదు, వేలికి తగిలేది. నొక్కితే రబ్బరు గొట్టంలా మళ్ళీ లేవాలి. ఈమెది లేస్తోంది గానీ పక్కకి జారుతోంది. ఎడమ బొటనవేలితో కింద చర్మాన్ని లాగిపట్టి సూది దింపాను. "అమ్మా" అంది. సిరంజిలో ఎర్రటి చుక్క కనపడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో పిస్టన్ గట్టిగా లాగేశాను. పల్చటి నరం గోడలు అతుక్కుపోయాయి. వచ్చింది రెండు మిల్లీలీటర్లు. ఆ తర్వాత చుక్క రాలేదు.

పైనున్న చీటీ కణాల లెక్కది. కంగారులో ఆ రెండు మిల్లీలూ పర్పుల్ ట్యూబులో పోసేశాను. మెల్లగా ఎనిమిది సార్లు అటూ ఇటూ తిప్పాను. అప్పుడు చూశాను, ఎరుపు ట్యూబు ఖాళీగా ఉంది.

మామ్మగారు దూది అదుముకుని నా వంక చూస్తోంది. "అయిపోయిందా? ఇడ్లీ తినొచ్చా?"

ఆ ముఖం చూసి ఇంకో సూది అనలేకపోయాను. నర్సింగ్ స్టేషన్ వెనక్కి వెళ్ళి పర్పుల్ మూత తీసి, సగం రక్తం ఎరుపు ట్యూబులోకి ఒంపాను. రెండింటి మీదా పేరు, నంబరు, టైము రాశాను. ఎవరూ చూడలేదు. నిజం చెప్పాలంటే దయగల పని చేశాననే అనుకున్నాను.

ల్యాబు కింది అంతస్తులో. ఎరుపు ట్యూబులు స్టాండులో అరగంట కదలకుండా ఉండాలి, రక్తం గడ్డకట్టడానికి. ఈలోపు రికార్డు తెరిచాను. ఈ వారం రాయాల్సింది ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, రక్తంలో భాస్వరం ఎంతుందో తేల్చేది. ఆ సుబ్బారావు మన యల్లాప్రగడ సుబ్బారావే. భీమవరంలో పుట్టినాయన హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి, వందేళ్ళకి మా రికార్డు పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. భాస్వరానికి మాలిబ్డేట్ కలిపి, ఇంకో మందు చేరిస్తే నీలం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. మొదటిసారి పరీక్షనాళికలో ఆ నీలం తేలుతుంటే క్లాసంతా నోరు తెరుచుకుని చూశాం. నీట్ రాలేదన్న సంగతి ఆ పది నిమిషాలు ఒక్కరికీ గుర్తులేదు.

"రామ్మా, ఇది చూడు" అని సార్ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. సార్ అంటే మా సీనియర్ టెక్నీషియన్. మీరూ ఒక కన్ను పెట్టండి. జ్వరంతో వచ్చిన కుర్రాడి స్లైడు. లీష్మన్ రంగు రెండు నిమిషాలు, దానికి రెట్టింపు బఫర్ నీళ్ళు పోసి ఇంకో ఎనిమిది నిమిషాలు ఉంచి కడిగింది. గులాబీ రంగు బిళ్ళలన్నీ ఎర్రకణాలు. ఊదారంగు కేంద్రకాలతో పెద్దగా ఉన్నవి తెల్లకణాలు. చుట్టూ ఇసుక రేణువుల్లా ప్లేట్‌లెట్లు కనపడాలి. యంత్రం 22 వేలే ఉన్నాయంది, లక్షన్నరైనా ఉండాల్సినవి. పైన ఆ కుర్రాడి నాన్న అప్పుడే రక్తదాతల కోసం ఫోన్లు చేస్తున్నాడు.

"అంచుకి జరుపు" అన్నారు సార్. జరిపాను. స్లైడు చివర ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా, తేనెపట్టులా అతుక్కుని ఉన్నాయి. గుంపుని ప్లేట్‌లెట్‌గా లెక్కెయ్యడం యంత్రానికి చేతకాదు. కొందరి రక్తంలో పర్పుల్ ట్యూబులోని మందుకే అవి అలా ముద్దకడతాయట. నీలం మూత ట్యూబులో మళ్ళీ తీసి చూడాలి.

"యంత్రం ట్యూబులో ఉన్నది చెబుతుంది. మనిషిలో ఉన్నది చెప్పదు" అన్నారు సార్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

అరగంటైంది. ఎరుపు ట్యూబులు ఒక్కొక్కటీ వంచి చూస్తున్నాను. అన్నీ జెల్లీలా బిగిశాయి. పదకొండో మంచానిది మాత్రం నీళ్ళలా కదులుతోంది. గడ్డకట్టలేదు, కట్టదు. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. ఎదురెదురుగా సమాన బరువు సర్ది, మూత బిగించి, నిమిషానికి మూడు వేల చుట్లు, పది నిమిషాలు పెట్టాను. సెంట్రిఫ్యూజ్ రొద చెవిలో కాక కడుపులో తిరుగుతోంది. ఆగాక తీసి చూస్తే అన్ని ట్యూబుల్లోలాగే పైన పసుపు, కింద ఎరుపు. మిగతావాటి పక్కన పెడితే తేడా తెలియదు.

ఫలితాలు తెర మీద వరుసగా వస్తున్నాయి. సార్ చదువుతూ సంతకాలు పెడుతున్నారు. ఒక చోట పెన్ను ఆగింది.

"పదకొండో మంచం నువ్వేనా తీసింది?"

"అవును సార్."

"ఆవిడ బతికే ఉందా?"

"ఉంది సార్. ఇడ్లీ తింటానంది."

"పొటాషియం 14. కాల్షియం 2 కూడా లేదు. మూడున్నర నించి ఐదు మధ్య ఉండాలి పొటాషియం. ఏడు దాటితేనే గుండె ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. పద్నాలుగుతో ఎవరూ ఇడ్లీ తినరమ్మా. పర్పుల్ ట్యూబులో ఉండే ఉప్పు పేరు చెప్పు."

"డైపొటాషియం ఈడీటీఏ సార్."

చెబుతుండగానే అర్థమైంది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందుకే పర్పుల్‌లో రక్తం గడ్డకట్టదు. ఆ ఉప్పులోనే పొటాషియం ఉంది. నేను ఒంపింది మామ్మగారి రక్తాన్నొక్కదాన్నే కాదు. ఆ తెర మీద ఉన్నది ట్యూబు తాలూకు పొటాషియం.

అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"సగానికి సగం ఒంపావు కాబట్టి పట్టుకున్నాను. పొరపాటున కొంచెమే కలిసి ఆరు వచ్చుంటే? నేను సంతకం పెట్టేవాణ్ణి. డాక్టరుగారు నా సంతకం నమ్మి పొటాషియం దిగడానికి మందు రాసేవారు. అసలే మాత్రల మీద ఉన్న మనిషికి ఉన్నది కూడా దిగిపోయేది. పెద్ద తప్పు తనంతట తనే అరుస్తుంది. చిన్నదాన్నే ఎవరూ పట్టుకోలేరు."

తర్వాత ఒక లావుపాటి రిజిస్టరు నా ముందుకి తోశారు. తిరస్కరించిన శాంపిళ్ళ పుస్తకం. పేజీలన్నీ కారణాలు: గడ్డకట్టింది, కణాలు పగిలాయి, పేరు లేదు, చాలదు. నా వంతు గడిలో "ఈడీటీఏ కలిసింది" అని రాశాను. పక్క గడి, శాంపిల్ తీసినవారు. అక్కడ నా పూర్తి పేరు రాయాలి. రాశాను. ఆసుపత్రి కాగితం మీద నా పేరు ఎక్కడం అదే మొదటిసారి.

మళ్ళీ మెట్లెక్కాను. మామ్మగారు నిజంగానే ఇడ్లీ తింటోంది, అల్లం చట్నీతో. నన్ను చూసి ఆకు పక్కన పెట్టింది.

"నాదే తప్పు మామ్మగారూ. పొద్దున తీసింది పాడుచేశాను. ఇంకో సూది తప్పదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెయ్యి చీరకి తుడుచుకుని, "ఆ చెయ్యొద్దు, కమిలిపోయింది. ఇటు తియ్యి" అని రెండో చెయ్యి చాపింది.

పట్టీ, వేలు, స్పిరిట్, ఆరేదాకా ఆగడం. ఈసారి పిస్టన్ నెమ్మదిగా, రక్తం తనంతట తను వస్తున్నంత నెమ్మదిగా. ముందు ఎరుపు నింపాను. మంచం పక్కనే నిలబడి, పేరు మళ్ళీ అడిగి, రాశాను.

పదకొండో మంచం, రెండో శాంపిల్, ఉదయం 9.40: పొటాషియం 4.1, కాల్షియం 9.0.