కౌలు నుంచి కాపురానికి: అద్దె ఇంటి మరమ్మతు చరిత్ర

సుమారు పాతికేళ్ళ క్రితం, అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్న రోజుల్లో, మా అద్దె ఇంటి పడకగది గోడకు చెమ్మ దిగి బూజు పట్టింది. యజమానికి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటాడేమోనని భయం. వీసా మీద ఉన్నవాడికి తగవెందుకన్న సంకోచం. ఆ శీతాకాలమంతా మా పాప దగ్గుతూనే ఉంది. బూజు ఊపిరితిత్తులకు చేసే హాని నాకు తెలుసు, తెలియనిది చట్టం. తరువాత తెలుసుకున్న ఆ చరిత్రే ఈ వ్యాసం.

మరమ్మతు బాధ్యత యజమానిదే అన్నది ఇప్పుడు సహజంగా తోచే మాట. ఆంగ్ల న్యాయసంప్రదాయంలో మాత్రం శతాబ్దాలపాటు అది చెల్లలేదు. దాని దృష్టిలో అద్దె ఒప్పందమంటే నేలను కౌలుకివ్వడమే. నేలమీది పాక కూలితే నిలబెట్టుకోవలసినది కౌలుదారే. 1647 నాటి పారడైన్–జేన్ వ్యాజ్యంలో, అంతర్యుద్ధ కాలంలో రూపర్ట్ రాకుమారుడి సేన కౌలుదారును భూమినుంచి వెళ్ళగొట్టినా, అతడు కౌలు కట్టవలసిందేనని న్యాయస్థానం తేల్చింది.

ఈ సూత్రమే అమెరికాకూ వచ్చింది. రైతుకు పాక కప్పుకోవడం చేతనవును. న్యూయార్కు భవనంలో నాలుగో అంతస్తు గదిలో ఉండే కార్మికుడు నీటి గొట్టాలనూ మురుగు కాలువనూ ఎలా బాగుచేసుకుంటాడు? 1890లో జేకబ్ రీస్ తన పుస్తకంలో ఆ ఇరుకు ఇళ్ళ బతుకులను లోకానికి చూపాడు. 1901 నాటి చట్టం కొత్త భవనాల్లో ప్రతి గదికీ గాలి వచ్చే కిటికీ, ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉండాలన్నది. క్షయ ప్రబలిన కాలంలో అది వైద్యపరంగానూ ముందడుగే. అయితే ఇటువంటి నిబంధనల అమలు ప్రధానంగా ప్రభుత్వానికీ యజమానికీ మధ్య వ్యవహారం. ఇల్లు ఎలా ఉన్నా అద్దె కట్టవలసిందే.

మార్పు 1960లలో, వాషింగ్టన్ నగరంలో వచ్చింది. ఎడ్వర్డ్స్ అనే అద్దెదారు ఇంటి లోపాలపై నగర అధికారులకు ఫిర్యాదు చేసింది. తనిఖీలో నలభైకి పైగా ఉల్లంఘనలు బయటపడ్డాయి. యజమాని ఆమెకు ఖాళీ చేయమని నోటీసిచ్చాడు. ఫిర్యాదు చేసినందుకు కక్షతో వెళ్ళగొట్టడం చెల్లదని 1968లో అప్పీలు కోర్టు తీర్పునిచ్చింది. రెండేళ్ళకు, 1970లో, అదే కోర్టు ముందుకు జావిన్స్ వ్యాజ్యం వచ్చింది. అద్దె కట్టలేదని యజమాని దావా వేస్తే, భవనంలో సుమారు 1,500 ఉల్లంఘనలు ఉన్నాయని నిరూపిస్తామన్నారు అద్దెదారులు. నగరవాసి అద్దెకు తీసుకునేది నేలను కాదనీ, వెలుతురు, వేడిమి, నీళ్ళు, భద్రత ఉన్న నివాసాన్ననీ న్యాయమూర్తి స్కెలీ రైట్ నిర్ణయించారు. ఒప్పందంలో రాయకపోయినా ఇంటిని నివాసయోగ్యంగా ఉంచుతానన్న హామీ అందులో ఇమిడి ఉంటుంది. అద్దె చెల్లింపు ఆ హామీతో ముడిపడి ఉంటుంది. అనంతర కాలంలో అమెరికాలోని అత్యధిక రాష్ట్రాలు ఈ సూత్రాన్ని ఏదో ఒక రూపంలో స్వీకరించాయి.

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షనులో, ఇంకో దారి చూపింది. యజమాని తాను చేయవలసిన మరమ్మతును నోటీసు అందాక కూడా తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. చిక్కంతా ‘చేయవలసిన’ అన్న మాటలోనే ఉంది. ఆ బాధ్యత ఒప్పందంలో లేకపోతే నిరూపించడం కష్టం. జావిన్స్ తీర్పు పూరించినది సరిగ్గా ఆ ఖాళీనే.

హక్కు ఉన్నంత మాత్రాన అద్దె ఆపేయడం వివేకం కాదు. నియమాలు రాష్ట్రానికొక తీరు. తేదీతో లిఖితపూర్వక నోటీసు, ఫొటోలు, నగర తనిఖీ అధికారి నివేదిక — క్రమం ఇది. చట్టపరమైన సలహా ఆ పైన.

ఉబ్బసంతో వచ్చే పిల్లల తల్లిదండ్రులను ఇప్పుడు ఇంటి గోడల సంగతి కూడా అడుగుతాను. యజమానికి చెప్పారా అంటే, చాలామంది ఆనాటి నాలాగే తల దించుకుంటారు. మందుచీటీతో పాటు యజమానికి చూపడానికి ఒక ఉత్తరమూ రాసిస్తాను. ఎడ్వర్డ్స్ కథ కూడా చెప్తాను. వారికి ఉత్తరం కన్నా ఆ కథే ఎక్కువ ధైర్యమిస్తుంది.